ప్రార్థన చేశాం, తగ్గింది – ఇంకా మాత్రలెందుకు?



టీబీ మాత్రలు వాడుతున్నవారు రెండో నెల దాటేసరికి మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, దగ్గు పోయింది, జ్వరం లేదు, మూడు కిలోలు బరువు కూడా పెరిగినాను. గుడిలో అందరూ నా కోసరం ప్రార్థన చేసినారు, దేవుడు విన్నాడు. ఇంకా నాలుగు నెలలు ఈ మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టు కాదా?" అని. మదనపల్లె నుండి వచ్చేవారు అడుగుతారు, పుంగనూరు, కుప్పం వైపు నుండి వచ్చేవారు అడుగుతారు, హార్స్లీ కొండ కింద పల్లెలవారూ అడుగుతారు. అడిగేది మొండితనంతో కాదు, భక్తితోనే. అందుకే ఈ ప్రశ్నకు "డాక్టరుగారు చెప్పినట్టు చేయండి" అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేయడం మాకు సరిగా అనిపించదు. వారు నిజానికి మాత్రల గురించి అడగడంలేదు. దేవుని చిత్తం ఎలా తెలుస్తుంది, ఆయన ఇచ్చే జ్ఞానం ఏ రూపంలో వస్తుంది అని అడుగుతున్నారు.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయం ఐదో వచనంలో, జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగవచ్చని, ఆయన విసుక్కోకుండా ధారాళంగా ఇస్తాడని వ్రాశాడు. ఈ మాట మన సంఘాలలో తెలియనివారు లేరు. అయితే అడిగిన తరువాత అది ఎలా వస్తుందనే దగ్గరే చాలామంది తడబడతారు. కలలో వస్తుందని కొందరు, మనసులో ఒక మాట మెరుస్తుందని కొందరు, బైబిలు తెరిస్తే కంటికి మొదట కనబడే వచనంలో ఉంటుందని కొందరు ఎదురుచూస్తారు.

సొలొమోను సంగతి చూడండి. రాజుల మొదటి గ్రంథం మూడో అధ్యాయంలో, గిబియోనులో రాత్రివేళ, ఏమి కావాలో అడగమని దేవుడు అన్నప్పుడు అతడు దీర్ఘాయువు అడగలేదు, ధనం అడగలేదు. అతడు అడిగినదానికి హెబ్రీ మూలంలో ఉన్న అర్థం "వినే హృదయం" అని పండితులు చెబుతారు. మాకు ఆ మాట చాలా ఇష్టం. అదే అధ్యాయంలో, ఆ వెంటనే, ఒక బిడ్డ కోసం ఇద్దరు స్త్రీలు కొట్లాడుతూ వస్తారు. సొలొమోను ఏం చేశాడు? ఇద్దరు చెప్పినదీ విన్నాడు. ఈమె ఇలా అంటోంది, ఆమె అలా అంటోంది అని తిరిగి చెప్పాడు. ఆపైన నిజం బయటపడేలా ఒక పరీక్ష పెట్టాడు. ఆ రోజు ఆకాశం నుండి ఏ శబ్దమూ రాలేదు. వినడం, పరీక్షించడం – దేవుడిచ్చిన జ్ఞానం ఆ పనులలోనే కనబడింది. చూసినవారందరూ ఇది దేవుని జ్ఞానమేనని ఒప్పుకొన్నారని ఆ అధ్యాయం చివర వ్రాసి ఉంది.

మన ఊరి పక్కనే జరిగిన సంగతి

ఈ విషయం అర్థం చేసుకోవడానికి మనం యెరూషలేము దాకా పోనక్కరలేదు. మదనపల్లె దగ్గరున్న ఆరోగ్యవరం చాలు.

అంతకు ముందే ఇక్కడ వైద్యమూ వాక్యమూ ఒకే చేతిలో ఉండేవి. ఆర్కాట్ మిషనుకు చెందిన జేకబ్ ఛాంబర్లేన్ 1860లలో మదనపల్లెలో స్థిరపడ్డారు. ఆయన వైద్యుడు, బోధకుడు కూడా. తెలుగు బైబిలు అనువాదాన్ని సరిదిద్దే సంఘానికి చాలా ఏళ్ళు అధ్యక్షుడుగా ఉన్నది కూడా ఆయనే. పొద్దున జ్వరానికి మందిచ్చిన చేయి సాయంత్రం లేఖనాల మాటలు సరిచూసేది. ఆ రెండూ ఒకదానికొకటి విరోధమని ఆయనకు తోచలేదు.

ఆ తరువాత టీబీ వంతు వచ్చింది. ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి తెలియజేశాడు. కారణం తెలిసింది గాని మందు దొరకలేదు. ఆ రోజులలో క్షయ అంటే కుటుంబం అంతా వణికిపోయేది. ఒక్క మిషను చేయలేని పని అని గ్రహించి, అనేక మిషనులు కలిసి 1912లో మదనపల్లెలో ఒక టీబీ శానటోరియం మొదలుపెట్టాయి. అందుకే దానికి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అని పేరు. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్ ముల్లర్ దాని మొదటి మెడికల్ సూపరింటెండెంట్. 1915లో అది ఊరి బయట ఇప్పుడు ఆరోగ్యవరం అని పిలిచే చోటికి మారింది. వేర్వేరు సంఘశాఖలవారు తమ తేడాలు పక్కనపెట్టి ఒక రోగి పడక దగ్గర కలుసుకోవడమే ఒక జ్ఞానమని మా అభిప్రాయం. ఇప్పటికీ మన సంఘాలకు ఇది కష్టంగానే ఉంటుంది!

అప్పట్లో వైద్యం అంటే ఏమిటి? విశ్రాంతి, మంచి తిండి, గాలి బాగా వచ్చే వసారాలలో పడక. మన ప్రాంతం సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది, గాలి పొడిగా చల్లగా ఉంటుంది. నాలుగు వేల అడుగులు దాటిన హార్స్లీ హిల్స్ పక్కనే ఉంది. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర వేసవి విడిది కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది గాని, అంతకు ముందు మనవారు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కొండగాలి క్షయను కుదురుస్తుందని ఆనాడు లోకమంతా నమ్మింది. ఇప్పటికీ "సిస్టరమ్మా, ఒక నెల హార్స్లీ కొండ మీద ఉంటే చాలదా?" అని అడిగేవారున్నారు. గాలి మంచిదే, మనసుకు హాయి. కాని గాలి ఒక్కటే టీబీ క్రిములను చంపదు. నిజం చెప్పాలంటే, మందు లేని ఆ కాలంలో చాలామంది శానటోరియాలలో ఉండి కూడా చనిపోయారు. ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించేవారు. కొందరికి ప్రక్కటెముకలు తీసే ఆపరేషను కూడా చేసేవారు. వాటిని తలచుకుంటే ఈనాటి నాలుగు మాత్రలు ఎంత తేలికో మా నర్సులకు తెలుస్తుంది.

ఆ రోజులలో ప్రతి ఉదయం మందు కోసం ప్రార్థించిన విశ్వాసులు ఎందరో ఉండి ఉంటారు. జవాబు ఎలా వచ్చింది? 1943లో అమెరికాలో ఒక ప్రయోగశాలలో, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్ రూపంలో వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వాడకంలోకి వచ్చింది. ఇది దేవుని జవాబు కాదని మేము అనలేము. మట్టిని చేసినవాడు ఎవరు మరి?

ఇక్కడ ఇంకొక విషయం ఉంది, అది ఇంకా ముఖ్యం. మందులు వచ్చాక, రోగిని నెలల తరబడి శానటోరియంలో ఉంచాలా, ఇంట్లోనే ఉంచి మందు ఇవ్వవచ్చా అనే ప్రశ్న వచ్చింది. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ కేంద్రం ప్రారంభమై, ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టింది. కొందరు రోగులకు శానటోరియంలో, కొందరికి ఇంటి దగ్గర, ఒకే మందులు ఒక సంవత్సరం ఇచ్చారు. శానటోరియంలో ఉన్నవారికి మంచి తిండి, పూర్తి విశ్రాంతి. ఇంటి దగ్గర ఉన్నవారు పేదవారు, ఇరుకు ఇళ్ళు, తిండి అంతంతమాత్రం, పని కూడా తప్పలేదు. 1959లో ఫలితాలు ప్రచురించారు. రెండు చోట్లా మందులు ఒకేలా పనిచేశాయి. ఇంటివారికి జబ్బు అంటుకునే ప్రమాదం కూడా అందువల్ల పెరగలేదు. కుదిర్చింది పడకా కాదు, కొండగాలీ కాదు, క్రమం తప్పకుండా పడిన మందు.

ఒక్కసారి ఆలోచించండి. శానటోరియాలు కట్టి, దశాబ్దాలు సేవ చేసి, అదే దేవుడిచ్చిన మార్గమని నమ్మినవారికి ఇది సులభంగా మింగుడుపడే మాటా? అయినా లోకం ఆ మాట విన్నది, వైద్యం ఇంటి ముంగిటికి వచ్చింది. ఆరోగ్యవరంవారు కూడా గోడల మధ్యనే కూర్చోలేదు. డాక్టర్ జె. ఫ్రిమొడ్ట్ ముల్లర్ ఆధ్వర్యంలో 1950 నుండి 1955 వరకు మదనపల్లెలోను చుట్టుపక్కల పల్లెలలోను టీబీ ఎంత ఉందో, ఎలా వ్యాపిస్తుందో జనం మధ్యకు వెళ్ళి పరిశీలించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అది అచ్చయింది, ఇతర దేశాలవారు చదివారు. మీ అవ్వాతాతలలో ఎవరైనా ఆ రోజులలో చేతి మీద పరీక్ష సూది వేయించుకొని ఉండవచ్చు, అడిగి చూడండి. తరువాతి కాలంలో ఆ శానటోరియం సామాన్య రోగులందరినీ చూసే ఆరోగ్యవరం మెడికల్ సెంటర్‌గా మారింది.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం చదివినప్పుడల్లా మాకు ఈ మద్రాసు పరీక్ష గుర్తుకొస్తుంది. పది రోజులు మాకు శాకాహారం పెట్టి, రాజు భోజనం తినేవారి ముఖాలతో మా ముఖాలు పోల్చి చూడమని దానియేలు అడిగాడు. పరీక్షించి చూడమనడం అవిశ్వాసమని అతడు అనుకోలేదు.

ఆరు నెలలు ఎందుకు?

ఇప్పుడు మాత్రల సంగతికి వద్దాం. సాధారణ టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాల మందులు, రోజూ ఇస్తారు. ఎన్ని మాత్రలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది. ఊపిరితిత్తులలో క్రిములు అన్నీ ఒకే స్థితిలో ఉండవు. వేగంగా పెరిగేవి కొన్ని. కదలక మెదలక నిద్రపోతున్నట్టు దాక్కొనేవి కొన్ని. వేగంగా పెరిగేవి మొదటి వారాలలోనే చాలావరకు చచ్చిపోతాయి. దగ్గు, జ్వరం తగ్గేది, ఆకలి పుట్టేది అందుకే. నిద్రపోయేవి మాత్రం మిగిలి ఉంటాయి.

చెనక్కాయ చేనులో గరిక సంగతి మీకు మేము చెప్పాలా? పైన కొడవలితో కోసేస్తే చేను శుభ్రంగా కనబడుతుంది. రెండు వానలు పడితే తెలుస్తుంది వేరు ఎక్కడిదాకా పోయిందో. రెండో నెలలో ఆపేసినవారి పరిస్థితి అదే. పైగా గరికకు లేని ఒక గుణం టీబీ క్రిమికి ఉంది. మందు కొన్నాళ్ళు పడి, కొన్నాళ్ళు ఆగితే, ఆ మందుకు లొంగనివి మిగిలి అవే పెరుగుతాయి. దాన్నే మొండి టీబీ అంటాము. దానికి వేరే మందులు కావాలి. అవి శరీరానికి ఎక్కువ బరువు, పరీక్షలు ఎక్కువ. అన్నిటికన్నా బాధాకరమైనది ఏమిటంటే, ఆ దగ్గు వల్ల ఇంట్లో బిడ్డకు అంటుకుంటే మొదటి నుండే మొండి టీబీగా అంటుకుంటుంది.

కాబట్టి రెండో నెలలో కలిగిన మేలు నిజమే, దానికి దేవునికి స్తోత్రం చెల్లించవలసిందే. ప్రార్థన విన్నాడనే మేమూ నమ్ముతాము. కాని ఆయన విన్నాడన్న సంగతి, పని పూర్తయిందన్నదానికి రుజువు కాదు. తెమడ పరీక్ష, ఎక్స్‌రే చూసి డాక్టరుగారు పూర్తయిందని చెప్పాలి.

కొన్ని చిన్న సంగతులు తెలియక కూడా భయపడి ఆపేస్తారు. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ మందు రంగు, రక్తం కాదు. కాని కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, చూపు మసకబారడం లేక రంగులు తేడాగా కనిపించడం జరిగితే అదే రోజు రావాలి, మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. కాళ్ళు చేతులు తిమ్మిరెక్కితే చెప్పండి, దానికి విటమిన్ మాత్ర ఉంది. సారాయి, బ్రాందీ మాత్రం ఈ మందులతో అసలు పొసగవు. కాలేయం పాడవుతుంది.

ప్రభువు బల్లలో ఒకే గిన్నెలో తాగితే టీబీ అంటుతుందా అని ఒక సంఘ పెద్ద అడిగారు. అంటదు. టీబీ గాలి ద్వారా, దగ్గు తుంపర ద్వారా వ్యాపిస్తుంది. గిన్నె వల్ల, కంచం వల్ల, చాప వల్ల కాదు. సరైన మందు పడుతుంటే సాధారణంగా రెండు మూడు వారాలలో ఇతరులకు అంటే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఇంట్లో కోడలికి వేరే తట్ట, వేరే లోటా పెట్టి గుమ్మం బయట కూర్చోబెట్టడం వైద్యమూ కాదు, క్రైస్తవ్యమూ కాదు. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, చాలు.

లేఖనాలు చూపి ఆపేసేవారికి

కొందరు వాక్యం చూపిస్తారు. ఆసా రాజు కాళ్ళ జబ్బుతో ఉన్నప్పుడు వైద్యులను ఆశ్రయించి చనిపోయాడు కదా అంటారు. దినవృత్తాంతముల రెండో గ్రంథం పదహారో అధ్యాయం పూర్తిగా చదవండి. ఆ రాజు అంతకు ముందే దేవుని మాట చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. జబ్బులో కూడా దేవుణ్ణి వెదకలేదు. అక్కడ తప్పు పట్టింది వైద్యుని దగ్గరకు వెళ్ళినందుకు కాదు, దేవుణ్ణి విడిచిపెట్టినందుకు. రక్తస్రావముగల స్త్రీ ఉన్నదంతా వైద్యులకు పెట్టి బాగుపడలేదు కదా అని ఇంకొకరు అంటారు. నిజమే. ఆనాటి వైద్యులకు ఆమె జబ్బుకు మందు తెలియదు. ఆ సంగతి వ్రాసినవారిలో లూకా ఒకడు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు అతనిని ప్రియమైన వైద్యుడనే పిలిచాడు, ఆ పని మానుకోమని చెప్పినట్టు ఎక్కడా లేదు.

మాకు ఎప్పుడూ మనసుకు దగ్గరగా ఉండేది హిజ్కియా రాజు కథ. రాజుల రెండో గ్రంథం ఇరవయ్యో అధ్యాయం. అతడు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. ఇంకా పదిహేను సంవత్సరాలు బ్రదుకుతావని దేవుడు యెషయా ద్వారా వాగ్దానం చేశాడు. వాగ్దానం వచ్చేసింది కదా, ఇంక ఏమీ అక్కరలేదని ఎవరైనా అనవచ్చు. కాని ఆ వెంటనే అంజూరపు పండ్లు నూరి ఆ పుండు మీద కట్టు కట్టమని చెప్పినది అదే ప్రవక్త. వాగ్దానం తెచ్చిన నోరే మందు చెప్పింది. మేము డ్రెస్సింగ్ గదిలో కొత్త స్టూడెంట్లకు ఈ కథ చెబుతుంటాము.

చీటీలు, వాగ్దాన కార్డులు

ఇది కొంచెం సున్నితమైన విషయం. కొత్త సంవత్సరం ఆరాధనలో వచ్చే వాగ్దాన కార్డు ఇంటి గోడకు తగిలించుకోవడం మనకు ఆనందం, ధైర్యం. మేమూ నర్సుల గదిలో పెట్టుకుంటాము. కాని ఆపరేషనుకు సంతకం చేయాలా వద్దా అనే ప్రశ్నకు ఆ కార్డులో జవాబు వెదికితే, లేదా రెండు చీటీలు వ్రాసి చిన్నబిడ్డ చేత తీయిస్తే, అది దేవుణ్ణి అడగడం కన్నా ఆలోచించే బరువును దించుకోవడం అవుతుందేమోనని మాకు అనిపిస్తుంది. అపొస్తలులు చీట్లు వేశారు కదా అంటారు. వేశారు, అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో. పెంతెకొస్తు దినం తరువాత వారు చీట్లు వేసినట్టు ఆ గ్రంథంలో మళ్ళీ కనబడదు. పదిహేనో అధ్యాయంలో పెద్ద తగాదా వచ్చినప్పుడు వారు కూర్చున్నారు, వాదించుకున్నారు, పేతురు మాట విన్నారు, పౌలు బర్నబాల అనుభవం విన్నారు, లేఖనంతో పోల్చి చూశారు. ఆ తీర్మానాన్ని తమదీ పరిశుద్ధాత్మదీ అని కలిపి వ్రాశారు.

అలాగే మీరూ చేయవచ్చు. ప్రార్థన చేసి, డాక్టరుగారి ఎదుట కూర్చుని అడగండి. ఈ ఆపరేషను చేయకపోతే ఏమవుతుంది? ఒక నెల ఆగవచ్చా, ఆగకూడదా? ఇంకో మార్గం ఉందా? ఖర్చు ఎంత, సర్కారు పథకంలో వస్తుందా? వేలూరు పోయి ఇంకొకరి అభిప్రాయం తీసుకోవచ్చా? ఇలా అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందని భయపడనక్కరలేదు. అర్థంకాకపోతే మమ్మల్ని పిలవండి, మేము తెలుగులో మళ్ళీ చెబుతాము. కుటుంబమంతా ఒకే సారి వస్తే మంచిది. పొద్దున అన్నకు, మధ్యాహ్నం బావగారికి, సాయంత్రం చిన్నాన్నకు వేరువేరుగా చెప్పేసరికి మాట మారిపోతుంది. రోగిని మాత్రం అడగడం మరచిపోకండి. ముసలమ్మ అని ఆమెను వదిలేసి వరండాలో నిర్ణయాలు చేసేవారిని చూస్తే మాకు బాధగా ఉంటుంది.

మనసుకు తోచినది దేవుని నుండా కాదా అని తేల్చుకోవడానికి యాకోబు పత్రిక మూడో అధ్యాయం చివరి వచనాలు చదవండి. దేవుని దగ్గర నుండి వచ్చే జ్ఞానానికి అక్కడ చెప్పిన గుణాలలో మృదుత్వం ఉంది, ఇతరుల మాట వినే గుణం ఉంది, కనికరం ఉంది, వేషం లేకపోవడం ఉంది. "నాకు దేవుడు చెప్పాడు, ఇంకెవరి మాటా వినను" అని ఎవరైనా గొంతు పెంచితే, వినే గుణం అక్కడ ఎక్కడుంది? ఆ నిర్ణయం వల్ల బాధపడేది ఎవరు? మాట్లాడినవారా, పడకలో ఉన్న బిడ్డా? మేము అడిగేది ఇంతే.

ఉపవాసం గురించి కూడా. షుగరు ఉండి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు లెంటు దినాలలో ఏమీ తినకుండా ఉండి, సూది మాత్రం వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. సూది కూడా మానేస్తే ఇంకొక ప్రమాదం. ముందుగా వచ్చి అడగండి. భోజనానికి బదులు ఇంకేదైనా విడిచిపెట్టవచ్చు. టీవీ సీరియల్ విడిచిపెట్టడం ఎక్కువ కష్టమని ఒక తల్లి మాతో నవ్వుతూ అన్నది! షుగరు ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, రెండు వారాలు మించి దగ్గు ఉంటే వారు అసలు ఆలస్యం చేయకూడదు. కుప్పం వైపు రాళ్ళ క్వారీలలో పనిచేసేవారు, ఒకప్పుడు కోలారు బంగారు గనులలో పనిచేసినవారు కూడా అంతే. రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు టీబీ త్వరగా అంటుతుంది.

పాము కరిస్తే మోకాళ్ళూని సమయం గడపవద్దు. 108లో ప్రార్థన చేసుకుంటూ రండి.

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం ప్రకారం నూనె రాసి ప్రార్థన చేయడానికి మీరు మా వార్డులోకి ఎప్పుడు వచ్చినా మాకు సంతోషం, కుర్చీ వేస్తాము. మీ మాటకు మా మాటకన్నా ఎక్కువ బలం ఉంది. సాక్ష్యం చెప్పించే ముందు "నీ కోర్సు పూర్తయిందా?" అని ఒక్క మాట అడగండి. కోర్సు మధ్యలో ఉన్నవారిని వేదిక ఎక్కించి స్వస్థత పొందారని ప్రకటిస్తే, మరుసటి రోజు వారు మాత్ర మింగడానికి సిగ్గుపడతారు. పక్కింటివారి ఎదుట మింగలేక ఆపేసినవారు ఉన్నారు. అదే మీరు "ఈ తమ్ముడికి ఇంకా నాలుగు నెలలు మాత్రలున్నాయి, ఒక్క రోజూ తప్పకుండా సంఘమంతా ప్రార్థిద్దాం" అంటే, ఆ పల్లెలో ఒక నర్సును పెట్టినంత మేలు. ప్రార్థించినా, మందు వాడినా కోలుకోనివారు కూడా ఉంటారు. వారి దగ్గర విశ్వాసం చాలలేదన్న మాట దయచేసి అనవద్దు. ఆ ఇంటివారు ఆ మాటను ఏళ్ళ తరబడి మోస్తారు.

ఇక అవసరమైన వివరాలు. టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కార్యక్రమం ద్వారా ఉచితం. చికిత్స జరుగుతున్నంత కాలం తిండి కోసం ఇచ్చే సొమ్ము 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు అయింది. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఖాతా పుస్తకం, ఆధార్ తెచ్చి పేరు వ్రాయించుకోండి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు, చెనక్కాయలు కొనండి. బెంగుళూరుకు పనికి పోయేవారు, టమాటా కోతలకు వేరే ఊరికి పోయేవారు మందు మానేయనక్కరలేదు. పోయే ముందు చెబితే మీ పేరు ఆ ఊరి కేంద్రానికి బదిలీ చేస్తారు, మాత్రలు అక్కడే ఇస్తారు.

మధ్యలో ఆపేసినవారు ఈ వ్యాసం చదువుతుంటే, దయచేసి మళ్ళీ రండి. పాత ఎక్స్‌రేలు, చీటీలు, మింగగా మిగిలిన మాత్రలు, ఖాళీ అట్టలు కూడా తెండి. ఆ అట్టలు లెక్కపెడితే ఎన్ని రోజులు తప్పాయో మాకు తెలుస్తుంది, తెమడ పరీక్ష చేసి మందు ఎక్కడ నుండి మొదలుపెట్టాలో డాక్టరుగారు చెబుతారు. ఎవరూ కోప్పడరు. ఓ.పి.లో కార్డు వ్రాసేచోట "టీబీ మందు ఆపేశాను" అని చెప్పడం ఇబ్బందిగా ఉంటే, నర్సింగ్ సూపరింటెండెంటు గదికి రావాలని చెప్పండి, మిగతాది మేము చూసుకుంటాము.